ఈగా, తేనెటీగా?

సరోజినీ నగర్ పూలకుండీల మీద వాలే చారల ఈగలను విడదీసి గుర్తుపట్టడం నిపుణులకే పరీక్ష. పేరు పెట్టలేని ప్రాణికి సర్కారు లెక్కల్లో చోటు దొరకదన్నదే అసలు చిక్కు

ఢిల్లీలోని సరోజినీ నగర్ మార్కెట్‌కు తరచూ వెళ్లే కాలేజీ అమ్మాయిలకు ఒక విద్య బాగా వచ్చు. ఎగుమతి కోసం కుట్టగా మిగిలిన సరుకేదో, పేరున్న కంపెనీ ముద్ర అంటించిన నకలేదో చిటికెలో తేల్చేస్తారు. రంగు చూసి మోసపోరు. చొక్కా తిరగేసి కుట్టు చూస్తారు, గుండీ లాగి చూస్తారు, మెడ దగ్గర చీటీ కత్తిరించి ఉందో లేదో చూస్తారు. ఆ మార్కెట్‌కు కూతవేటు దూరంలో, ప్రభుత్వ క్వార్టర్ల ముందరి పూలమొక్కల మీద ఫిబ్రవరి, మార్చి నెలల్లో మరో రకం నకిలీ సరుకు తిరుగుతుంటుంది. పొట్ట మీద పసుపు, నలుపు చారలు. కనిపించని దారంతో వేలాడదీసినట్టు గాల్లో ఒకేచోట నిలబడుతుంది. చూసినవాళ్లు తేనెటీగ అనో, కందిరీగ అనో రెండడుగులు వెనక్కి వేస్తారు. నిజానికి అది కుట్టదు. కుట్టడానికి దానికి ముల్లే లేదు. అది ఒట్టి ఈగ.

ఇంగ్లీషులో హోవర్‌ఫ్లై అనే ఈ కీటకం తెలుగు రైతులకు సిర్ఫిడ్ ఈగగా పరిచయం. సిర్ఫిడే అనే కుటుంబానికి చెందడం వల్ల ఆ పేరు వచ్చింది. ప్రపంచం మొత్తం మీద వీటిలో 6,000కు పైగా జాతులున్నాయి. భారతదేశంలోనే 300కు పైగా జాతులను శాస్త్రవేత్తలు నమోదు చేశారు. తేనెటీగల తర్వాత పూలను ఫలదీకరించే కీటకాల్లో ముందు వరుసలో ఉండేవి ఇవే. పైగా వీటిలో చాలా జాతుల పిల్ల పురుగులు పంటలను పీల్చి పిప్పిచేసే పేనుబంకను తిని బతుకుతాయి. రైతుకు ఇంత మేలు చేసే జీవిని ఎవరూ గుర్తించకపోవడానికి కారణం ఒక్కటే. అది తన ముఖంతో కాకుండా ఇంకొకరి ముఖంతో తిరుగుతుంది.

వేషం వెనుక వ్యూహం

కుట్టే కీటకంలా కనిపిస్తే పిట్టలు జోలికి రావు. ఒకసారి తేనెటీగను నోట పెట్టుకుని నాలుక కాల్చుకున్న పక్షి మరోసారి ఆ చారల వైపు చూడదు. ఆ భయాన్ని సొమ్ము చేసుకోవడమే ఈ ఈగ బతుకుతెరువు. బలహీన జీవి బలమైన జీవి వేషం వేసుకుని ప్రాణం కాపాడుకోవడాన్ని 1862లో హెన్రీ వాల్టర్ బేట్స్ అనే ఆంగ్లేయ ప్రకృతి శాస్త్రవేత్త వివరించారు. అమెజాన్ అడవుల్లో పదకొండేళ్లు గడిపి, అక్కడి సీతాకోకచిలుకలను గమనించి ఆయన ఈ సూత్రాన్ని తేల్చారు. డార్విన్ తన పరిణామ సిద్ధాంతాన్ని ప్రకటించి అప్పటికి మూడేళ్లే. ఆ సిద్ధాంతానికి తొలి రోజుల్లో దొరికిన గట్టి సాక్ష్యాల్లో ఇదొకటి.

మనుషులు మోసపోయిన చరిత్ర ఇంకా పాతది. చచ్చిన ఎద్దు కళేబరం నుంచి తేనెటీగలు పుడతాయని మధ్యధరా ప్రాంతపు ప్రాచీనులు శతాబ్దాల పాటు నమ్మారు. ఆ నమ్మకానికి మూలం ఎక్కడుందో 1894లో ఓస్టెన్ సాకెన్ అనే రష్యన్ కీటక శాస్త్రవేత్త విడమరచి చెప్పారు. కుళ్లిన పదార్థంలో పెరిగి, బయటికొచ్చాక తేనెటీగను అచ్చు గుద్దినట్టు ఉండే ఎరిస్టాలిస్ టెనాక్స్ అనే సిర్ఫిడ్ ఈగను చూసి జనం తేనెటీగ అనుకున్నారన్నది ఆయన వాదన. దాని పిల్ల పురుగు మురికి నీటిలో ఉంటుంది. తోకలా పొడుగ్గా సాగే గొట్టాన్ని నీటిపైకి చాపి గాలి పీల్చుకుంటుంది. అందుకే దానికి ఎలుకతోక పురుగు అని పేరు. కుషక్ నాలా లాంటి మురుగు కాలువలున్న దక్షిణ ఢిల్లీలో ఈ రకం ఈగలకు పురిటిల్లు వెతుక్కోవాల్సిన పని లేదు.

మొదటి మెట్టు సులువే

ఈగను తేనెటీగ నుంచి విడదీయడం పెద్ద కష్టం కాదు. తేనెటీగకు, కందిరీగకు రెండు జతల రెక్కలు. ఈగకు ఒకటే జత. రెండో జత ఉండాల్సిన చోట గుండుసూది తలల్లాంటి చిన్న గుబ్బలుంటాయి. ఎగిరేటప్పుడు అదుపు తప్పకుండా కాపాడేవి అవే. తేనెటీగ మీసాలు పొడుగ్గా, మోచేయిలా వంగి ఉంటాయి. ఈ ఈగ మీసాలు పొట్టివి, ఉన్నాయో లేవో అన్నట్టుంటాయి. తేనెటీగ వెనక కాళ్లకు పుప్పొడి మూటలు కనిపిస్తాయి. ఈగ కాళ్లకు ఆ మూటలుండవు. కళ్లు మాత్రం తల మొత్తాన్ని ఆక్రమించేంత పెద్దవి. రెండు కళ్లూ నడినెత్తిన ఒకదానికొకటి ఆనుకుని ఉంటే సాధారణంగా అది మగది, మధ్యలో ఖాళీ ఉంటే ఆడది.

ఈగ అని తేలాక అది సిర్ఫిడ్ ఈగ అవునో కాదో చూడాలి. ఇక్కడ ప్రకృతి ఒక చమత్కారం చేసింది. ఈ కుటుంబాన్ని పట్టించే గుర్తు రెక్కలోని నకిలీ ఈనె. రెక్క మధ్యలో అసలు ఈనెల నడుమ గీత గీసినట్టు ఒక మడత కనిపిస్తుంది. అటూ ఇటూ దేనితోనూ కలవకుండా మధ్యలోనే మాయమవుతుంది. తీరులో నకిలీ అయిన ఈ ఈనే కుటుంబానికి అసలు చిరునామా. పూల మీద వాలే నీలి ఈగల బంధువుల్లోనూ కొన్నిటికి చారల కళ్లుండి సిర్ఫిడ్ ఈగల్లా కనిపిస్తాయి. స్టొమోరైనా అనే ప్రజాతి అలాంటిదే. దాని రెక్కలో ఈ నకిలీ ఈనె ఉండదు. కాస్త ఓపికుంటే, మంచి కెమెరా ఉంటే ఇంతవరకూ ఎవరైనా రాగలరు.

రెండో మెట్టు దగ్గరే తంటా

ఏ జాతి అన్న ప్రశ్న వచ్చేసరికి కథ మారుతుంది. కొన్ని సులువుగానే లొంగుతాయి. ఉత్తర భారతంలో శీతాకాలమంతా ఆవ చేల మీద కనిపించే ఎపిసిర్ఫస్ బాల్టియేటస్ పొట్ట మీద ఒక్కో ఖండంలో రెండేసి నల్ల పట్టీలుంటాయి, ఒకటి మందంగా, ఒకటి సన్నగా. ఈ జంట పట్టీల ఏర్పాటు చూసి దాన్ని ఇట్టే పట్టేయొచ్చు. ఎరిస్టాలినస్ ప్రజాతి ఈగల కళ్ల మీద చుక్కలో చారలో ఉంటాయి. వాటినీ దూరం నుంచే పోల్చుకోవచ్చు. ఎరిస్టాలిస్ టెనాక్స్‌కు కళ్ల మీద నిలువుగా వెంట్రుకల పట్టీ ఉంటుంది. దగ్గరి చుట్టాల నుంచి దాన్ని వేరుచేసేది అదే.

అసలు తలనొప్పి సన్నగా, పసుపు పచ్చగా ఉండే చిన్న ఈగలతో. ఇస్కియోడాన్ స్కుటెల్లారిస్ అనే జాతి దక్షిణాది చిక్కుడు తోటల నుంచి ఢిల్లీ పెరళ్ల దాకా అంతటా ఉంటుంది. దాని ఛాతీకి రెండు పక్కలా పసుపు అంచు ఉంటుంది. స్ఫీరోఫోరియా ప్రజాతి ఈగలకూ అలాంటి అంచే ఉంటుంది. రెండూ ఒకే పూవు మీద పక్కపక్కనే వాలితే కొత్తవాళ్లు తేల్చుకోలేరు. గ్రీకు తెలిసినవారికి మాత్రం పేర్లలోనే సమాధానం దొరుకుతుంది. ఇస్కియోడాన్ అంటే తుంటి పన్ను. మగ ఈగ వెనక కాలి మొదట్లో పన్నులాంటి ముల్లు ఉంటుంది. స్ఫీరోఫోరియా అంటే గోళాన్ని మోసేది. మగ ఈగ పొట్ట చివర ఉబ్బెత్తు గోళం ఉంటుంది. పేరు పెట్టిన శాస్త్రవేత్తలు గుర్తును పేరులోనే దాచిపెట్టారు.

కానీ ఈ గుర్తులన్నీ మగవాటికే. ఆడ స్ఫీరోఫోరియా దొరికితే దాని జాతి చెప్పడం చాలా సందర్భాల్లో నిపుణులకూ సాధ్యం కాదు. అంతకన్నా చిన్నదైన పారాగస్ ప్రజాతిలోనూ ఇదే పరిస్థితి. మగ ఈగను చంపి, పొట్ట చివరి జననాంగాలను విడదీసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే తప్ప ఏ జాతో తేలదు. ఫోటో ఎంత బాగా వచ్చినా ప్రయోజనం ఉండదు.

రంగును నమ్ముకున్నవారికి ఇంకో దెబ్బ ఉంది. ఈగ రంగు దాని జాతిని బట్టే కాదు, పెరిగిన చలిని బట్టి కూడా మారుతుంది. ఎపిసిర్ఫస్ ప్యూపా దశలో ఉండగా చలి ఎక్కువైతే బయటికొచ్చే ఈగ నల్లబడుతుంది. వేడిలో పెరిగితే పసుపు పెరుగుతుంది. నలుపు వేడిని త్వరగా పీల్చుకుంటుంది కాబట్టి చలికాలపు ఈగకు అది కంబళిలా పనికొస్తుంది. ఢిల్లీ లాంటి చోట జనవరికి, మార్చి చివరికి మధ్య వాతావరణంలో ఎంత తేడా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఒకే తోటలో రెండు నెలల తేడాతో తీసిన రెండు ఫోటోలు రెండు జాతులవని పొరబడడానికి ఆస్కారం బోలెడు.

పొరపాటు ఖరీదు

ఈగ పేరు తెలియకపోతే ఎవరికి నష్టం? ఈ ప్రశ్నకు సమాధానం ఢిల్లీలో కన్నా తెలుగు పల్లెల్లో తేలిగ్గా దొరుకుతుంది. చిక్కుడు, అలసంద, వేరుశనగ చేలల్లో లేత కొమ్మలకు నల్లగా పేనుబంక పట్టినప్పుడు ఆ గుంపు మధ్య ఒకటో రెండో లేతాకుపచ్చ పురుగులు పాకుతుంటాయి. చూడగానే పంటను తినే పచ్చపురుగే అనిపిస్తుంది. రైతు దాన్ని వేళ్ల మధ్య నలిపేస్తాడు, లేదా మందు కొడతాడు. నలిగిపోయింది మాత్రం సిర్ఫిడ్ ఈగ పిల్ల. అది పెరిగి పెద్దయ్యేలోపు వందల కొద్దీ పేనుబంక పురుగులను జుర్రుకునేది.

తేడా తెలుసుకోవడానికి సూక్ష్మదర్శిని అక్కర్లేదు. పంట తినే పచ్చపురుగుకు స్పష్టమైన తల, కాళ్లు ఉంటాయి. సిర్ఫిడ్ ఈగ పిల్లకు తల కనిపించదు, కాళ్లుండవు. ముందు సన్నగా, వెనక లావుగా చిన్న జలగలా ఉంటుంది. కళ్లు లేకపోయినా తడుముకుంటూ పేనును పట్టి, పైకెత్తి, రసం పీల్చి, ఎండిన తొక్కను పారేస్తుంది. ఆకుకు చిల్లులుంటే దొంగ పచ్చపురుగు, ఆకు మీద ఖాళీ తొక్కలుంటే కాపలాదారు ఈగ పిల్ల. ఇంత చిన్న విషయం తెలియక రైతు తన పక్షాన పోరాడే సైన్యాన్నే చంపుకుంటున్నాడు.

ఈ పాఠాన్ని ఒకప్పుడు ప్రభుత్వమే పొలం గట్టు మీద చెప్పించింది. 1989లో ఇండోనేషియా వరి పొలాల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ రైతు క్షేత్ర పాఠశాలలు మొదలుపెట్టింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అదే పద్ధతి 2000 దశకంలో పొలంబడిగా అందరికీ తెలిసింది. వారానికోసారి రైతులు పొలంలోకి దిగి మిత్ర పురుగులెన్ని, శత్రు పురుగులెన్ని అని లెక్కపెట్టేవారు. చార్టు మీద బొమ్మలు వేసేవారు. ఆ లెక్క చూసుకున్నాకే మందు కొట్టాలో వద్దో తేల్చేవారు. అక్షింతల పురుగు, అల్లిక రెక్కల పురుగు, సాలీడు, సిర్ఫిడ్ ఈగ ఆ చార్టుల్లో మిత్రుల వైపు నిలిచాయి. ఉమ్మడి ఖమ్మం జిల్లాలోని పునుకుల గ్రామం అదే దశకం తొలి సంవత్సరాల్లో పురుగుమందులు మానేసి దేశం దృష్టిని ఆకర్షించింది. గుర్తుపట్టడం అంటే పండితుల వినోదం కాదని, రైతు చేతి ఖర్చుతో ముడిపడిన వ్యవహారమని ఆ అనుభవాలు రుజువు చేశాయి.

మిత్రుడెవరో శత్రువెవరో తెలిస్తే చాలు, ఏ జాతి ఈగ అన్న తర్కం రైతుకెందుకు అనే వాదన ఉంది. పొలం గట్టు వరకు అది నిజమే. కానీ పర్యావరణం బాగుందో లేదో చెప్పాల్సిన చోట ఆ వాదన నిలవదు. చారల ఈగలన్నిటినీ ఒకే ఖాతాలో వేస్తే ఏమవుతుందో చూడండి. ఎపిసిర్ఫస్, ఇస్కియోడాన్ పిల్లలు పేనుబంకను తింటాయి. ఎరిస్టాలిస్, ఎరిస్టాలినస్ పిల్లలు మురికి నీటిలో పెరుగుతాయి. ఒక కాలనీలో మొక్కలు తగ్గి, మురుగు పెరిగితే మొదటి రకం తగ్గుతుంది, రెండో రకం పెరుగుతుంది. మొత్తం ఈగల సంఖ్య మాత్రం అంతే ఉంటుంది. అంకెలు చూసినవారికి అంతా సవ్యంగానే ఉందనిపిస్తుంది. నిరుడు వంద, ఈ ఏడూ వంద. లోపల బతుకు తలకిందులైన సంగతి జాతుల వారీగా లెక్కపెడితేనే బయటపడుతుంది.

చెట్టుకు నిర్వచనం, పొదకు లేదు

సరోజినీ నగర్ కథ ఇక్కడే రాజకీయంగా మారుతుంది. హైదరాబాద్‌లో పుట్టి, తెలుగు వైద్యుడు గోవిందరాజులు నాయుడిని పెళ్లాడిన సరోజినీ నాయుడి పేరు పెట్టుకున్న ఈ కాలనీ ఒకప్పటి వినయ్ నగర్. స్వాతంత్ర్యం వచ్చిన తొలి దశకాల్లో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల కోసం కట్టిన తక్కువ ఎత్తు క్వార్టర్లు, వాటి ముందు పచ్చిక, వెనక పెరడు, రోడ్లకు రెండు వైపులా వేప, రావి, నేరేడు చెట్లు దాని రూపురేఖలు. బదిలీ మీద వచ్చిన తెలుగు కుటుంబాలు ఆ పెరళ్లలో గోంగూర, కరివేపాకు పెంచుకున్న రోజులున్నాయి. పూతకొచ్చిన కొత్తిమీర మడి సిర్ఫిడ్ ఈగకు పెళ్లి భోజనం లాంటిది. దాని నోరు పొట్టిది కాబట్టి లోతైన పూలు అందవు. కొత్తిమీర, సోంపు, ఆవ లాంటి విచ్చుకున్న చిన్న పూలే కావాలి.

దక్షిణ ఢిల్లీలో సరోజినీ నగర్ సహా ఏడు ప్రభుత్వ కాలనీలను కూల్చి తిరిగి కట్టే పథకానికి 2016 జూలైలో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. 32,835 కోట్ల రూపాయల అంచనా వ్యయంతో 12,970 పాత ఇళ్ల స్థానంలో 25,667 ఇళ్లు కట్టాలన్నది ప్రణాళిక. 2018 జూన్‌లో చెట్ల నరికివేత లెక్క బయటికి రాగానే నగరం భగ్గుమంది. ఒక్క సరోజినీ నగర్‌లోనే 11,000 దాకా చెట్లు పోతాయన్న వార్తలతో జనం రోడ్డెక్కారు. ఉత్తరాఖండ్ చిప్కో ఉద్యమాన్ని గుర్తుచేస్తూ చెట్లను కౌగిలించుకున్నారు. ఢిల్లీ హైకోర్టు జోక్యంతో నరికివేతకు బ్రేక్ పడింది. ఆ తర్వాత డిజైన్లు సవరించి కోత తగ్గిస్తామని ప్రభుత్వం ప్రకటించింది. నిర్మాణం ముందుకు సాగింది. సరోజినీ నగర్‌లో 28 టవర్లలో కట్టిన 2,500కు పైగా ఇళ్లను 2025 జనవరి 3న ప్రధాని నరేంద్ర మోదీ ప్రారంభించారు.

ఆ పోరాటంలో చెట్లకు దొరికిన ఆసరా ఒక చట్టం. 1994 నాటి ఢిల్లీ చెట్ల పరిరక్షణ చట్టం చెట్టంటే ఏమిటో స్పష్టంగా చెప్పింది. నేల నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తులో కనీసం ఐదు సెంటీమీటర్ల మందం ఉండాలి, ఎత్తు కనీసం ఒక మీటరుండాలి. నిర్వచనం ఉంది కాబట్టి లెక్క ఉంది. లెక్క ఉంది కాబట్టి కోర్టులో వాదించడానికి అంకె ఉంది. ఒక చెట్టు కొడితే పది మొక్కలు నాటాలన్న షరతు కూడా ఆ లెక్క మీదే నిలబడింది. కానీ ఐదు సెంటీమీటర్ల మందం లేని పొద, గడ్డి, పూలమడి, పెరటి కొత్తిమీర ఆ లెక్కలోకి రావు. వాటి మీద బతికే ఈగలు అసలే రావు. వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూళ్లలో చోటు దక్కించుకున్న కీటకాల్లో అధిక భాగం సీతాకోకచిలుకలే. అందం ఉన్నదానికి, పేరు తెలిసినదానికి చట్టం అండ దొరికింది. మిగతావి పౌరసత్వం లేని నివాసులుగా మిగిలాయి.

ఎక్కడో ఊరి చివర నాటిన పది మొక్కలు పోయిన చెట్టుకు బదులని అధికారులు కాగితం మీద చూపగలరు. పెరళ్లున్న కాలనీ స్థానంలో టవర్లు, కింద వాహనాల అంతస్తులు, పైన ఒకే రకం పచ్చిక వస్తే పేనుబంక తినే ఈగకు బదులు ఏది? ఆ ప్రశ్న ఏ పర్యావరణ నివేదికలోనైనా రావాలంటే ముందు ఆ ఈగకు పేరు, కూల్చివేతకు ముందున్న లెక్క ఉండాలి. 2017లో జర్మనీ నుంచి వెలువడిన ఒక అధ్యయనం ప్రపంచాన్ని ఉలిక్కిపడేలా చేసింది. అక్కడి రక్షిత ప్రాంతాల్లో ఎగిరే కీటకాల మొత్తం బరువు 27 ఏళ్లలో 75 శాతానికి పైగా తగ్గిందని అది తేల్చింది. ఆ మాట చెప్పగలిగారంటే కారణం క్రెఫెల్డ్ పట్టణపు ఔత్సాహికులు దశాబ్దాల పాటు ఓపిగ్గా వలలు పెట్టి, సీసాల్లో నింపి, దాచి ఉంచడమే.

పేరు పెట్టేవారేరీ?

భారత్‌లో ఈ ఈగలకు పునాది గ్రంథం నూరేళ్ల కిందటిది. బ్రిటిష్ ఇండియా జంతుజాల గ్రంథమాలలో సిర్ఫిడ్ ఈగల సంపుటాన్ని 1923లో ఎన్రికో బ్రూనెట్టి వెలువరించారు. ఆయన వృత్తి సంగీతం. కలకత్తాలో ఉంటూ ఈగల మీద పట్టు సాధించారు. ఇప్పటికీ మన శాస్త్రవేత్తలు ఆ పుస్తకం తిరగేయాల్సిందే. కోల్‌కతాలోని భారత జంతు సర్వేక్షణ సంస్థ 1916లో ఏర్పడింది. ఢిల్లీలోనే, సరోజినీ నగర్ నుంచి కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉన్న పూసా వ్యవసాయ పరిశోధన సంస్థలో లక్షలాది కీటకాల నమూనాలతో జాతీయ సేకరణ ఉంది. బీహార్‌లోని పూసాలో 1905లో పుట్టిన ఆ సంస్థ 1934 భూకంపంలో దెబ్బతిని, 1936లో ఢిల్లీకి వచ్చింది. అద్దాల పెట్టెల్లో గుండుసూదులకు గుచ్చిన ఆ ఈగలే కొత్తగా దొరికినదాన్ని పోల్చి చూడటానికి ఆధారం.

సంస్థలున్నాయి, నమూనాలున్నాయి. కొరత మనుషులది. జాతులను గుర్తించి పేర్లు పెట్టే వర్గీకరణశాస్త్రంలో నిపుణులు తరిగిపోతున్నారని గుర్తించే 1999లో కేంద్ర పర్యావరణ శాఖ ఈ రంగానికి ప్రత్యేకంగా అఖిల భారత సమన్వయ ప్రాజెక్టు చేపట్టింది. 2002 జీవవైవిధ్య చట్టం కింద స్థానిక సంస్థలు ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు రాయాలి. రాయడానికి కాగితం ఉంది, కమిటీ ఉంది. కానీ ఇది ఇస్కియోడానా, స్ఫీరోఫోరియానా అని చెప్పగలిగిన మనిషి వార్డుకొకరు కాదు కదా, రాష్ట్రానికొకరు దొరకడం గగనం. ఒక్క ప్రజాతిని క్షుణ్ణంగా నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లకు ఉద్యోగం హామీ లేనప్పుడు విద్యార్థులు జన్యుశాస్త్రం వైపో, సాఫ్ట్‌వేర్ వైపో మళ్లడంలో ఆశ్చర్యం లేదు.

యంత్రం ఆ లోటు తీరుస్తుందన్న ఆశా ఉంది. 2003లో కెనడా శాస్త్రవేత్త పాల్ హెబర్ట్ డీఎన్‌ఏ బార్‌కోడ్ ఆలోచనను ముందుకు తెచ్చారు. కిరాణా సరుకు మీది గీతల్లా ఒక చిన్న జన్యు భాగాన్ని చదివి జాతి చెప్పే పద్ధతి ఇది. చాలా కీటకాల్లో పనిచేస్తోంది. కానీ సిర్ఫిడ్ ఈగల్లో స్ఫీరోఫోరియా లాంటి ప్రజాతుల దగ్గర తడబడుతోంది. కంటికి వేరుగా తేలిన జాతులు కొన్ని బార్‌కోడ్‌లో ఒకటిగా కనిపిస్తున్నాయి. పైగా బార్‌కోడ్‌కు పేరు తగిలించాలంటే మొదట ఎవరో ఒకరు ఆ ఈగను చూసి, సరైన పేరు చెప్పి ఉండాలి. ఫోన్‌లో ఫోటో పెడితే పేరు చెప్పే ఐనాచురలిస్ట్ లాంటి వేదికలదీ ఇదే పరిమితి. అవి యూరప్ ఫోటోలు ఎక్కువగా చూసి ఉంటే ఢిల్లీ ఈగకు యూరప్ పేరు సూచించే ప్రమాదం ఉంది. నలుగురు సరే అంటే తప్పు పేరే రికార్డవుతుంది.

తెలిసినంతవరకే చెప్పడం

దీనికి విరుగుడు నిజాయతీలో ఉంది. ప్రజాతి వరకే తేలితే అక్కడే ఆగాలి. స్ఫీరోఫోరియా అని రాసి, జాతి దగ్గర ఖాళీ వదలడం ఓటమి కాదు. తప్పు పేరుతో నింపిన రికార్డు కన్నా ఖాళీ ఉన్న రికార్డే విలువైనది. ఖాళీని రేపు ఎవరైనా నింపగలరు. తప్పును మాత్రం ముందు పట్టుకోవాలి, తర్వాత నమ్మించాలి, ఆపైన దిద్దాలి.

ఫోటో తీసేవారు ఒక్కటి తీసి ఊరుకోకుండా నాలుగైదు కోణాలు పట్టుకుంటే నిపుణుల పని సగం తగ్గుతుంది. పై నుంచి పొట్ట చారలు, పక్క నుంచి ఛాతీ అంచు, ఎదురుగా ముఖం, కళ్లు, చాపిన రెక్కలోని ఈనెలు, వెనక కాలు. తేదీ, చోటు, ఏ పూవు మీద వాలిందన్నది తప్పక రాయాలి. పొద్దున ఎండ పొడ పడుతుండగా, ఒళ్లు వేడెక్కని ఈగ కదలకుండా కూర్చున్నప్పుడు ఇది సాధ్యం. మే నెల ఎండలు ముదిరాక ఢిల్లీలో వీటి కోసం వెతకడం వృథా శ్రమ.

కాలనీల సంగతికొస్తే, కోట్ల రూపాయల పథకాల్లో ఒక చిన్న షరతు చేరిస్తే ఖజానాకు పెద్ద భారం కాదు. కూల్చివేతకు ముందు ఒక శీతాకాలం, నిర్మాణం తర్వాత ఒక శీతాకాలం కీటకాల సర్వే. పూసాలోనో, ఢిల్లీ విశ్వవిద్యాలయంలోనో చదివే పరిశోధక విద్యార్థులకు ఆ పని అప్పగించి, నమూనాలను జాతీయ సేకరణలో భద్రపరిస్తే చాలు. అంకెలు చేతిలో ఉంటే ఏం పోయిందో వాదించవచ్చు. న్యూఢిల్లీ మున్సిపల్ కౌన్సిల్ విదేశాల నుంచి తులిప్ దుంపలు తెప్పించి రోడ్లను ముస్తాబు చేస్తోంది. అవి కంటికి విందే. వాటి పక్కన రెండు అడుగుల మేర ఆవ, సోంపు పూయనిస్తే ఈగకూ విందవుతుంది.

టవర్ల ఎనిమిదో అంతస్తులో ఉన్నవారికీ ఒక అవకాశం ఉంది. బాల్కనీ కుండీలో కొత్తిమీరను మొత్తం కోసేయకుండా రెండు కాడలు పూతకు వదలడం. పూత వచ్చాక ఆకుల కింద పేనుబంక కనిపిస్తే వెంటనే మందు చల్లకుండా వారం ఆగడం. ఆ గుంపులో తల, కాళ్లు లేని పచ్చటి జలగలాంటి పురుగు పాకుతోందేమో వంగి చూడటం. ఉంటే దాన్ని నలపకుండా వదిలేస్తే చాలు. దాని జాతి పేరేమిటో తేల్చే పని ఇంకెవరైనా చూసుకుంటారు.